మెత్తని నేలలో సొంత బొరియ

రెండేళ్లుగా చినుకు ఎరగని ఊరది. పొలం ఎలుక సూరన్న పుట్టిందీ ఆ కరువులోనే, పెళ్లాడిందీ ఆ కరువులోనే. కాపురం మాత్రం పందికొక్కు బొరియలో ఓ మూల. భార్య నరసమ్మకి కాన్పు దగ్గరపడగానే పందికొక్కు, "పిల్లల గోల నావల్ల కాదు, ఖాళీ చేయండి" అని తేల్చేసింది.

సరిగ్గా అప్పుడే దిగాడు నక్క పేరయ్య. ఎవరి అవసరం ఎక్కడుందో ముక్కుతో పసిగట్టే రకం. గట్టు లోపలివైపు ఎండిన పల్లం చూపించి, "గోరు పెడితే చాలు, మట్టి వెన్నలా వస్తుంది. మీరు దాచుకున్న వేరుశనక్కాయలు నాకిచ్చేయండి, చోటు మీది" అన్నాడు.

నరసమ్మ గీరి చూస్తే నత్తగుల్లలు బయటపడ్డాయి. "ఇవేంటన్నయ్యా?"

"ముందున్నవాళ్లు ముచ్చటపడి పెట్టుకున్న అలంకారం, చెల్లెమ్మా!"

అంతలో ఓ వలస బాతు వాలింది, దిక్కులు చూస్తూ. సూరన్నకి హుషారొచ్చింది. "బాతక్కా, దేశాలు తిరిగినదానివి. అక్కడివాళ్లు మొదటిసారి సొంతిల్లు ఎలా అమర్చుకుంటారు?"

"మంచుకొండల్లో పెద్దలు పోతేగానీ పిల్లలకి గది దొరకదు. ఉత్తరాన నదుల దగ్గర ఇంటిల్లిపాదీ కొమ్మలు మోసి కట్టుకుంటారు. ఎడారిలో ఎవరో వదిలేసిన కన్నంలో దూరతారు. ఇక ఇక్కడైతే, మూడేళ్ల కిందట నేనొచ్చినప్పుడు..."

"ఇక్కడి సంగతి మాకు తెలియందేముంది! ఆ ఎడారి ముచ్చట చెప్పక్కా" అన్నాడు సూరన్న. పేరయ్య గబగబా తలూపాడు.

కాయలు నక్క కడుపులోకి పోయాయి. సూరన్న మూడు గదులు తవ్వాడు. నరసమ్మ గడ్డి పరిచి ఐదుగురు పిల్లల్ని కంది. సొంతింట్లో పుట్టారని సూరన్న ఆ పూట తిండి కూడా మరిచిపోయి వాళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

వారం తిరక్కుండా తుఫాను పట్టుకుంది. వాగు పొంగి పల్లంలోకి మళ్లింది. ఇద్దరూ చెరో పిల్లని నోట కరుచుకుని గట్టెక్కారు. మిగతా ముగ్గురి కోసం సూరన్న వెనక్కి తిరిగేసరికి బొరియ ఎటుందో కూడా తెలియలేదు. పాపం, నీళ్లలో దిగి దిగి, గోళ్లు అరిగేదాకా తడిమాడు.

వాన వెలిసింది. చెరువు నిండింది. బాతు హాయిగా ఈదుతూ వచ్చింది. "ఇది చెరువని ఆ రోజే చెప్పబోయాను సూరన్నా, నువ్వే అడ్డం పడ్డావు. ఇంతకీ మీ కొత్తిల్లు ఎటువైపు?"

నరసమ్మ అంది:

"నువ్వు ఈదుతున్నావే, దాని కిందే అక్కా."

ఏ దేశంలో ఎవరెలా ఇల్లు కట్టుకున్నారో తర్వాత అడగొచ్చు. ముందు నీ కాళ్ల కింది నేల సంగతి అడుగు.