గాలిమండపానికి ఎవరూ రాలేదు

ఒక రాజుకి ఆరుగురు విసనకర్రలవాళ్ళు ఉండేవాళ్ళు. ఆయన కూర్చున్నా, నడిచినా, తిన్నా, తుమ్మినా వెనకాలే నిలబడి పెద్ద పెద్ద తాటాకు విసనకర్రలతో విసురుతూ ఉండడమే వాళ్ళ పని. దీనికొక ఆనవాయితీ ఉంది. విసిరేవాడు రాజు కంటపడకూడదు. ఎప్పుడూ వీపు వెనకే ఉండాలి.

ఒకనాడు వైద్యుడు వచ్చి, ఈ ఆరుగురికీ మోచేతులు బిగుసుకుపోయాయనీ, ఇలాగే సాగితే అన్నం ముద్ద నోటిదాకా రాదనీ చెప్పాడు. రాజు మంచివాడే, పాపం. విలవిల్లాడిపోయాడు. ఏటిగట్టున గాలిమండపం కట్టించి, మెత్తటి చాపలు పరిపించి, నువ్వులనూనె గిన్నెలు పెట్టించాడు. రోజూ పొద్దున ఒక గంట వచ్చి పడుకుని ఒళ్ళు బాగుచేసుకోండి అన్నాడు. ఇంతకన్నా ఏం చెయ్యాలి ఏ రాజైనా?

వాళ్ళని రప్పించే పని తప్పెటవాడి మీద పడింది. వాడు మహా హుషారైన మనిషి. తప్పెట మెడలో పడితే చాలు, కాళ్ళు నేలమీద నిలవవు. విసనకర్రలవాళ్ళ వీధిలో గెంతుతూ, గిరికీలు కొడుతూ చాటాడు. మొదటి రోజు వచ్చినవాళ్ళకి లడ్డూ అన్నాడు. రెండో రోజు లడ్డూ, దాంతోపాటు పంచెలచాపు అన్నాడు. మూడో రోజు ఏమేం అన్నాడో వాడికే గుర్తులేదు.

రాజు మాత్రం రోజూ ఠంచనుగా పొద్దున్నే మండపం ముందుకొచ్చి, పీట వేయించుకుని కూర్చునేవాడు. చాపలన్నీ ఖాళీ. వెనకనుంచి వచ్చే గాలికి ఆయన మీసాలు రెపరెపలాడుతుండగా బెంగగా చూసి తప్పెటవాణ్ణి అడిగేవాడు.

"ఒక్కడూ రాలేదేంట్రా?"

"వస్తారు మహారాజా. దార్లో ఉండుంటారు."

వారం గడిచింది. రాజుకి ఓపిక నశించింది. "శుక్రవారం నాటికి వాళ్ళు రాకపోతే ఆ తప్పెట కొట్లో పడేయించి, నీ చేతికీ ఒక విసనకర్ర ఇప్పిస్తాను" అన్నాడు.

తప్పెటవాడికి అన్నం లేకపోయినా ఒక పూట గడుస్తుంది, తప్పెట లేకపోతే గడవదు. పైగా చెయ్యి ఒకసారి బిగుసుకున్నాక తప్పెట తిరిగిచ్చినా ఏం లాభం?

శుక్రవారం రానే వచ్చింది. రాజు పీట మీద కూర్చున్నాడు. తప్పెటవాడు పిల్లిలా వెనక్కి వెళ్ళి, ఆరుగురిలో పెద్దాయన చెవిలో గొణిగాడు.

"మావా, నీకు పుణ్యముంటుంది. ఒక్క పూట రారాదూ?"

"అదేంటయ్యా, రోజూ వస్తున్నాంగా" అన్నాడు పెద్దాయన, విసరడం ఆపకుండానే.

"ఎప్పుడొచ్చారు?"

"రాజుగారు వచ్చినప్పుడల్లా. మేం లేకుండా ఆయన అడుగు కదుపుతాడా?"

తప్పెటవాడు పెద్దాయన్ని చూశాడు. రాజుగారి వీపుని చూశాడు. ఖాళీ చాపల్ని చూశాడు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. నోరు మూసుకుంటే ముక్కులోంచి వచ్చింది.

"వాళ్ళొచ్చారు మహారాజా. మీ వెనకే ఉన్నారు."

రాజు లేచి గభాలున వెనక్కి తిరిగాడు. కంటపడకూడదు కదా, ఆరుగురూ విసురుతూనే చుట్టూ పరిగెత్తి మళ్ళీ ఆయన వీపు వెనక్కి చేరారు. "ఏరీ?" అని రాజు ఇటు తిరిగాడు. వాళ్ళు అటు పరిగెత్తారు. రాజు అటు తిరిగాడు. వాళ్ళు ఇటు. తప్పెటవాడి చేతులు ఊరుకుంటాయా, దరువు అందుకున్నాయి. దరువు పెరిగేకొద్దీ రాజు బొంగరమైపోయాడు. కిరీటం ఒక మూలకి దొర్లింది. మండపం మెట్లెక్కారో, ఎగిరిపడ్డారో తెలీదు, చివరికి రాజూ, ఆ ఆరుగురూ కళ్ళు తిరిగి చాపల మీద దబ్బున కూలబడ్డారు. రాజు నవ్వుతున్నాడు. చిన్నప్పుడెప్పుడో నవ్వాడట అలాగ.

నవ్వీ నవ్వీ అలిసి ఊరుకున్నారు. అప్పుడు ఏటిమీదనుంచి చల్లగా గాలి వచ్చింది. రాజు కళ్ళు మూసుకుని ఆ గాలికి మొహం అప్పగించాడు.

"ఎవరు విసురుతున్నారిప్పుడు?"

"ఎవరూ లేరు దొరా" అన్నాడు పెద్దాయన. విసనకర్ర ఆయన పక్కనే పడుంది. చెయ్యి చాపుదామని చూశాడు. సగమే సాగింది.

"ఇంత హాయిగా ఉంటుందని నాకెందుకు చెప్పలేదు?"

"మేం విసురుతుంటే మీకెట్లా తెలుస్తుంది దొరా?"

రాజు పక్కకి ఒత్తిగిల్లి మొదటిసారి పెద్దాయన మొహం చూశాడు. తర్వాత ఆ మోచేతిని చూశాడు. నూనె గిన్నె తనే దగ్గరికి లాక్కున్నాడు. ఎలా రాయాలో తెలీక చాపంతా నూనె చేశాడు.

తప్పెటవాడు మండపం బయటే నిలబడి ఉన్నాడు. తప్పెటని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"మొత్తం ఎంతమంది వచ్చార్రా?" అన్నాడు రాజు, తలెత్తకుండా.

"ఏడుగురు మహారాజా. మీతో కలిపి."

"మరి నువ్వో?"

"నేను చాటేవాణ్ణి కదండీ."

"నీకెవరు చాటాలి? వచ్చి పడుకో."

తప్పెటవాడు అటూ ఇటూ చూశాడు. ఇంతమందిని పిలిచాడు గానీ ఆ పిలుపు తనక్కూడా అని వాడికెప్పుడూ తోచలేదు. సిగ్గుపడుతూ మెట్లెక్కి, చివరి చాప మీద నడుం వాల్చాడు. ఏటిగాలి వాడి మొహం మీదకీ వచ్చింది.

మధ్యాహ్నం లేచి తప్పెట ఎక్కడ పెట్టాడో వెతుక్కోవాల్సి వచ్చింది.