నశ్యం డబ్బాలో గడియారం

జిలానీకి వచ్చిన కష్టం పైకి చెప్పుకునేది కాదు. కళ్లు మూసుకుంటే అల్లా పేరు రావాల్సిన చోట ఒక నంబరు వచ్చేది.

తుంగభద్ర ఒడ్డున ఫకీర్ల మఠం ఒకటి ఉంది. ప్రతి గురువారం అక్కడ శిష్యులంతా గుండ్రంగా కూర్చుని కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటారు. గురువు నిసార్ షా. అందరికీ బాబా. జిలానీ వాళ్లలో చేరి ఏడాది దాటింది. పెదవులు పేరే పలికేవి. లోపల మాత్రం నలభై ఒక్క వేల ఎనిమిది వందల అరవై మూడు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక బాబా ముందు కూర్చుని సంగతి చెప్పేశాడు.

గుమ్మం దగ్గర నశ్యం పీలుస్తున్న మౌలాలి ఫక్కున నవ్వాడు. ఐదు పూటలా అజాన్ ఇచ్చి నమాజుకు పిలిచే ముసలాయన ఆయనే.

"లాటరీ టికెట్టా ఏంటిరా?"

"లాటరీకి ఆరంకెలుంటాయి మామూ. ఇది ఐదంకెలు. గడియారానిది."

"ఏ గడియారం?" అన్నాడు బాబా.

అంతే, జిలానీకి ఊపొచ్చింది. జేబు గడియారాలంటే అతనికి ప్రాణం. పాతకాలం ఇంగ్లీషువాళ్లవి, సింహం ముద్ర ఉన్న మేలిమి వెండి కేసులవి. ఎవరూ నేర్పలేదు, తనంతట తనే మొదలుపెట్టాడు. కర్నూలులో పాత వెండి కొనే దుకాణాలన్నీ తిరిగేవాడు. ఆ దుకాణాల వాళ్లకు కావలసింది వెండి. కేసు ఊడదీసి కరిగించి, లోపలి మెషిను చెత్తలో పారేస్తారు. కరగకముందే చేరుకోవాలి. అలా చేరుకుని చేరుకుని, గాజు తలుపుల బీరువా నింపాడు.

"మెషిను మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది బాబా. వెనక మూత లోపల కూడా అదే నంబరు ఉండాలి. లేకపోతే ఆ మెషిను ఆ కేసుది కాదన్నట్టు. నా బీరువాలో ఒక్కటి కూడా తేడా ఉండదు."

"ఒక్కటి కూడా?"

జిలానీ తల దించుకున్నాడు. జేబులోంచి చిన్న రేకు పెట్టె తీసి, దూది పక్కకు తప్పించాడు. తెల్లటి పింగాణీ ముఖం, సన్నటి నీలం ముళ్లు, వెనక ఇత్తడి చక్రాలు. కేసు మాత్రం లేదు.

"ఇదొక్కటే బాబా. దొరికినప్పుడు నిండా ఒండ్రు. ఒక్కో మర విప్పి, కడిగి, మళ్లీ బిగించాను. నా దగ్గరున్న అన్నిటికంటే మంచిది ఇదే. దీని కేసు ఏ కుంపట్లో కరిగిపోయిందో. కళ్లు మూసుకుంటే ఇదే కనిపిస్తుంది, ఒంటి మీద గుడ్డ లేకుండా."

"నడుస్తుందా?"

"కీ ఇవ్వను బాబా. ఇస్తే చక్రాల పళ్లు అరిగిపోతాయి. నా బీరువాలో ఏదీ నడవదు," అన్నాడు జిలానీ. ఆ మాట కాస్త గర్వంగానే వచ్చింది.

"అదృష్టవంతులు. తెల్లారగట్ల ఫజర్‌కి లేచే పని లేదు," అన్నాడు మౌలాలి.

బాబా మెడలో నల్లదారానికి చిన్న ఇత్తడి తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. రోజూ తెల్లవారు నమాజు అయ్యాక దానితోనే తన గడియారానికి కీ ఇస్తాడు. ఆ గడియారాన్ని జిలానీ దూరం నుంచి చూశాడే గాని, గురువు జేబులో వస్తువు అడిగి చూసేంత చనువు ఎప్పుడూ తీసుకోలేదు. వెండి నల్లబడి ఇనుములా ఉండేది కాబట్టి పెద్దగా పట్టించుకోనూ లేదు.

ఇప్పుడు బాబా దాన్ని తీసి అతని చేతిలో పెట్టాడు.

"దీనికీ ఉంటుందా నంబరు? చూడు. నాకు కళ్లు ఆనవు."

జిలానీ గోటితో వెనక మూత లేపాడు. సింహం ఉంది. దాని కింద అంకెలు. ఒకసారి చదివాడు. వెలుతురు చాలలేదేమో అని గుమ్మం వైపు తిప్పి మళ్లీ చదివాడు. మూత మూసి, గడియారం బాబా చేతిలో పెట్టేశాడు.

"ఉందా?"

లేదంటే అయిపోయేది. బాబాకు కనిపించదు, మౌలాలికి అంకెలు రావు.

"ఉంది బాబా."

"ఎంత?"

"నలభై ఒక్క వేల..." రేకు పెట్టె చూపించాడు. "అదే బాబా. అదే నంబరు."

"దొంగ ఇంట్లోనే దొరికాడు!" అన్నాడు మౌలాలి.

బాబా కాసేపు గుర్తుచేసుకున్నాడు. "ఇది మా గురువుగారిది. ఒక ఏడు పడవ దిగుతూ ఏట్లో పడేసుకున్నారు. పైకి తీశాక నడవలేదు. బజారులో రిపేరు చేసేవాడు బాగు చేయడానికి నెలలు పడుతుందన్నాడు. నమాజులు నెలలు ఆగవు కదా. లోపలిది తీసేసి, దగ్గరున్న ఇంకోటి పెట్టమన్నారు. తీసేసింది ఏమైందో ఎవరూ అడగలేదు."

బాబా గడియారాన్ని అతని ముందుకు చాపాడు.

"తీసుకో," అన్నాడు బాబా.

"వద్దు బాబా, మీ గురువుగారిది..."

"వద్దంటున్నావు సరే. చెయ్యెందుకు చాపావు?"

చాచిన సంగతి జిలానీకి అప్పుడే తెలిసింది. వెనక్కి మాత్రం తీసుకోలేకపోయాడు.

లోపలి మెషిను తనే ఊడదీశాడు. ఒక సన్నటి సీల జరిపితే చాలు, బయటికొచ్చేసింది. వేరెక్కడిదో తెచ్చి ఆకురాయితో అరగదీసి ఇరికించిన మెషిను. ఒక ముల్లు నలుపు, ఒకటి పసుపు. అరచేతిలో ఒంటరిగా టిక్కుటిక్కుమంటోంది.

"మౌలాలీ, నీ డబ్బా ఇలా ఇవ్వు."

"సగం ఉంది బాబా!"

"తుమ్మెయ్."

మౌలాలి గొణుక్కుంటూ నశ్యమంతా కాగితంలోకి వంపి, డబ్బాను చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. బాబా అందులో కాస్త దూది వేసి, మెషిను దాని మీద పెట్టి, మూత వేసి జేబులో వేసుకున్నాడు.

జిలానీ తన మెషినును కేసులో పెట్టాడు. నొక్కనక్కరలేకపోయింది. దానంతట అదే కూర్చుంది. సీల జరిపాడు. మూత మూస్తే, ఆ చప్పుడుకు అతని ఒళ్లు పులకరించింది. బీరువాలో మధ్య అర కళ్ల ముందు కదిలింది. ఇక ఏ లోటూ లేదు.

బయట ఆకాశం బూడిదరంగులో ఉంది. పొద్దు ఎక్కడుందో తెలియడం లేదు. మౌలాలి మోకాళ్ల మీద చేతులూని లేచాడు.

"అసర్ నమాజుకి వేళయిందా? ఒరే జిలానీ, గడియారం నీ చేతిలోనే ఉందిగా, చూసి చెప్పు."

జిలానీ అలవాటుగా చూశాడు.

మౌలాలి అతని భుజం మీదుగా తొంగిచూశాడు. అంకెలు చదవడం రాకపోయినా ముళ్ల తీరు ఆయనకు తెలుసు. "పదకొండు దాటిందా? నిన్నటిదా, రేపటిదా?"

బాబా జేబులోంచి నశ్యం డబ్బా తీసి, మూత తెరిచి, మౌలాలి ముందు పెట్టాడు.

"ఆఁ, ఇంకొంచెం ఉంది. కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకునొస్తా," అంటూ మౌలాలి ఒక తుమ్ము తుమ్మి బయటికి నడిచాడు.

అజాన్ వినిపించింది. నమాజు అయింది. గురువారం కాబట్టి శిష్యులు వచ్చి గుండ్రంగా కూర్చున్నారు. జిలానీ వెండి గడియారాన్ని గుండెకు ఆనే జేబులో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

నంబరు రాలేదు. జేబులోంచి ఏ చప్పుడూ రాలేదు. పక్కన, బాబా కూర్చున్న వైపు నుంచి మాత్రం, రేకు డబ్బాలో సన్నటి చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది. అందరి పెదవులూ దానితో కలిసే కదులుతున్నట్టు అనిపించింది.

అంతా అయ్యాక జిలానీ బాబా చేతులు కళ్లకద్దుకుని సెలవు తీసుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. గేటు దాకా వెళ్లాడు. అక్కడ వానలో నిలబడిపోయాడు.

మౌలాలి చూరు కింద నుంచి కేకేశాడు. "ఏరా, ఏమైనా మర్చిపోయావా?"

జిలానీ తిరిగొచ్చాడు. తడి చెప్పులు గుమ్మం బయటే వదిలి, బాబా ముందు మోకాళ్ల మీద కూర్చుని, వెండి గడియారం తీసి చాప మీద పెట్టాడు. బాబా మెడలోని నల్లదారాన్ని చూస్తూ అడిగాడు.

"బాబా, ఆ తాళంచెవి ఒక్కసారి ఇస్తారా?"

బాబా తాళంచెవిని అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని మీద నంబరేమీ లేదే," అన్నాడు.

జిలానీ చాచిన చెయ్యి తీయలేదు.