అంబలి పొయ్యనన్న ఓబులమ్మ

మీ తాతల తాతలు ఉగ్గుపాలు తాగే కాలం. ఊఁ కొడుతున్నారా? ఎర్రకనుమ దారిలో ఎద్దుబండ్లు తప్ప ఇంకేవీ తిరగని కాలం. ఆ కనుమ కింద గుడిసెలో ఓబులమ్మ అనే ముసలామె ఉండేది. బండ్లోళ్ళకు అంబలి పోసేది. అడిగినోళ్ళకు పోసేది, అడగనోళ్ళకు పోసేది, వద్దన్నోళ్ళను కూడా వదిలేది కాదు!

ఒకనాడు మద్దిలేటి అనే పడుచువాడు ఉప్పుబండి తోలుకుంటూ కనుమ దిగుతున్నాడు. ఎద్దు బెదిరింది. దిగి ఆపబోతే, కాడి కొస వచ్చి కడుపులో పొడిచింది. ఒంటిమీద గీత పడలేదు. నెత్తురు చుక్క రాలేదు. దుమ్ము దులుపుకుని నవ్వుకుంటూ వచ్చాడు.

"అవ్వా, కడుపులో కాడి పొడిచింది. ఏం కాలేదులే. ఆకలవుతోంది, అంబలి పొయ్యి."

ముంత ఎత్తిన ఓబులమ్మ చెయ్యి ఆగిపోయింది.

"పొయ్యను నాయనా. పడుకో."

తోటి బండ్లోళ్ళలో ఒకడు నవ్వాడు. "ఏమవ్వా, కుండ అడుగంటిందా?"

"పొయ్యను నాయనా."

రెండోవాడు కసిరాడు. "ఆకలన్న బిడ్డకు లేదనడానికి నీకు మనసెట్లా ఒప్పింది?"

"పొయ్యను నాయనా."

మూడోవాడు ఆమెను పక్కకు నెట్టి తానే ముంత ముంచబోయాడు. ఇక చూడండి! గింజ నేల రాలితే కళ్ళకద్దుకునే మనిషి, కుండెడు అంబలీ మట్టిలో కుమ్మరించేసింది.

"ముసలిదానికి పిచ్చి పట్టింది" అని తిట్టారు అందరూ. ఓబులమ్మ భోరుమంది.

"మా ఆయన్ను గిత్త ఇట్లాగే తన్నింది నాయనా. పైకి దెబ్బే లేదు. ఆకలంటే కడుపునిండా పెట్టినా. తెల్లారేసరికి మెలికలు తిరిగి పోయినాడు. ఈ బిడ్డను కూడా చంపుకోమంటారా?"

అంతలోనే మద్దిలేటి కడుపు పట్టుకుని కూలబడ్డాడు. నొప్పి వీపులోకి పాకింది. తిట్టినోళ్ళే ముందుకు ఉరికారు. కుదుపు తగలకుండా నులకమంచం మీద పడుకోబెట్టి భుజాలకెత్తుకుని, కనుమ అవతల ఉన్న శస్త్రవైద్యుడి దగ్గరకు నడిచారు. మద్దిలేటి ఎండిన పెదవులకు తడిగుడ్డ అద్దుతూ ఓబులమ్మ పక్కనే నడిచింది.

"తిండేమైనా పెట్టారా?" అన్నాడు వైద్యుడు.

"మెతుకు కూడా పెట్టలేదయ్యా" అంది ఓబులమ్మ.

"మంచి పని చేశారు. కడుపు వెనకాల క్లోమమని ఒకటుంటుంది. తిన్నది అరిగించే రసం దాంట్లో ఊరుతుంది. అది చితికితే ఆ రసం మన కండనే అరిగిస్తుంది. పైన తిండి పడితే ఇంకా పొంగుతుంది."

కోసి, చితికిన ముక్క తీసి, చెడు రసం బయటికి పోయే దారి పెట్టాడు. మద్దిలేటి చావు గడపదాకా పోయి వచ్చాడు. నెలల తరబడి మంచాన ఉండి, మెల్లగా లేచాడు.

మళ్ళీ కనుమకు వచ్చిన రోజున మూడు ముంతల అంబలి తాగాడు.

"ఇంకొకటి పొయ్యనా?" అంది ఓబులమ్మ.

"చంపుతావా అవ్వా!"

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

ఓబులమ్మ పోయి ఎంత కాలమైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ ఊళ్ళలో ఏ పిల్లోడికైనా సైకిలు హ్యాండిలు కడుపులో పొడుచుకుంటే, తల్లి మంచినీళ్ళు కూడా ఇవ్వదు. ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెడుతుంది. దేవతలందరికీ రాశులు పోసి నైవేద్యం పెట్టే జనం, ఓబులమ్మ పేరున కనుమ కింద నిలిపిన రాతి ముందు మాత్రం ఒట్టి విస్తరి పరిచి దండం పెడతారు. ఆ తర్వాత ఇంటికి పోయి కడుపునిండా తింటారు.