సుంకవ్వ మూడు పేలికలు

అనగా అనగా, మీ తాతకు తాత ఇంకా ఉయ్యాల దిగని రోజుల్లో, ఏడుగుండ్ల పాళెం అనే ఊరుండేది. ఆ ఊరిని ఏలే నాయనివారికి కోట ఉంది, గుర్రం ఉంది, పిడుగు అని పేరున్న తుపాకి ఉంది. కోట చిన్నది. గుర్రం ముసలిది. తుపాకి మాత్రం నిజంగానే గొప్పది.

ఆ తుపాకి పట్టేవాడు కదిరప్ప. కొండ వాలులో జొన్నచేలను అడవిపందుల నుంచి కాపాడటం అతని పని. ఆ జొన్నలే ఊరికి ఏడాది తిండి. కోట వంటింట్లో అంట్లు తోమేది సుంకవ్వ. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు. పొద్దున తోమేది, మధ్యాహ్నం తోమేది, సాయంత్రం తోమేది. ఆమె తోమిన చెంబులో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు అనేవాళ్ళు. అంతకు మించి ఆమె గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఒక ఏడు జొన్న పాలు పోసుకునే వేళకు పందులు దిగాయి. మొదటి రోజు కదిరప్ప పేల్చాడు. గుండు పంది తల మీదుగా పోయింది. రెండో రోజు పేల్చాడు. గుండు పక్కకు పోయింది. మూడో రోజు పేల్చాడు. గుండు పోయి మంచె మీద కాపలావాడి సంగటి ముంత పగలగొట్టింది. పందులు తాపీగా తిని, తాపీగా వెళ్ళాయి.

“ఇట్లే పోతే ఊళ్ళో గింజ మిగలదు. పాళెం ఖాళీ చేసి దిగువకు పోవాల్సిందే” అన్నారు నాయనివారు. ఆ మాట విన్నాక కదిరప్పకు అన్నం సయించలేదు.

సలహాలకేం కొదవ? తుపాకికి దిష్టి తగిలిందన్నాడొకడు. నిమ్మకాయ కట్టారు. తుపాకి అలిగిందన్నాడు ఇంకొకడు. కుంకుమ పూశారు. తుపాకికి ఆకలి తీరడం లేదన్నాడు మూడోవాడు. మందు ఎక్కువ పోశారు. నిమ్మకాయ ఊగింది, కుంకుమ రాలింది, కదిరప్ప భుజం వాచింది. గురి మాత్రం కుదరలేదు.

తుపాకిని కడగాలని ఒక్కరికీ తోచలేదు. ఎందుకంటే ఆ పాళెంలో ఒక కట్టుబాటు ఉంది. తుపాకికి నీళ్ళు తగలకూడదు. మందు తడిస్తే పేలదు, అది నిజమే. కానీ మందుకు పెట్టిన కట్టుబాటును పెద్దలు గొట్టానికి కూడా పెట్టేశారు. ఆయుధపూజ నాడు పైపైన పొడిగుడ్డతో తుడిచేవాళ్ళు. లోపల ఎలా ఉందో చూసినవాడు లేడు. పెద్దల్ని ఏమీ అనకూడదంటారు. నేను మాత్రం అంటాను.

ఆ మధ్యాహ్నం కదిరప్ప వంటింటి వెనక కూర్చుని, మందు పోయకుండా, తుపాకి మూతిలో గుండు పెట్టి చూస్తున్నాడు. గుండు జారలేదు. అంట్లు తోముతున్న సుంకవ్వ తలెత్తింది.

“ఏం కదిరప్పా, సుత్తితో కొడితేగానీ దిగదా అది?”

“దిగదవ్వా.”

“మీ నాయన కూడా కొట్టేవాడా?”

“లేదు. మా నాయన వేస్తే జారిపోయేది.”

“మరి గుండు పెరిగిందా, గొట్టం సన్నబడిందా?”

సుంకవ్వ వచ్చి చిటికెన వేలు గొట్టంలో పెట్టి తీసింది. వేలు నల్లగా వచ్చింది.

“ఇది తుపాకి గాదు నాయనా, అడుగంటిన కుండ. పేల్చినప్పుడల్లా మసి పేరుకుంటా వచ్చింది. ఇంక గుండు నేరుగా యాడ పోతాది? తోమల్ల.”

“నీళ్ళు తగిలితే పిడుగు చచ్చిపోతాదంటారవ్వా. పాడైతే దొర ఊళ్ళో ఉండనీరు.”

“నేను చేసినానని చెప్పు. నన్నే తరమమను. యాడికి పోయినా అంట్లు ఉంటాయి.”

లోపల మందు లేదు కదా అని మూడుసార్లు అడిగింది. లేదని కదిరప్ప మూడుసార్లు చూపించాడు. అప్పుడు సుంకవ్వ నీళ్ళు కాచింది. తన పాత చీర చెంగు చింపి మూడు పేలికలు చేసింది. ఒకటి తడిది, ఒకటి పొడిది, ఒకటి నూనెది.

మరిగే నీళ్ళు తుపాకి నోట్లో పోస్తే చెవిలోంచి కారాయి. చెవి అంటే నిప్పు ముట్టించే చిన్న రంధ్రం. తడి పేలికను గుండు దించే కడ్డీకి చుట్టి దూర్చింది. నల్లగా వచ్చింది. ఉతికి మళ్ళీ దూర్చింది. నల్లగా వచ్చింది. “నల్లగా వస్తే ఇంకా తోము, తెల్లగా వస్తే ఇంక చాలు” అని తనలో తను అనుకుంటూ పొద్దు వాలేదాకా తోమింది. తెల్లగా వచ్చాక పొడి పేలికతో తేమంతా తీసింది. చివరికి నూనె పేలిక ఒక్కసారి తిప్పింది.

“పేల్చే ముందు మళ్ళీ పొడిగుడ్డ దూర్చు. నూనె తగిలినా మందు చెడతాది” అంది.

సరిగ్గా అప్పుడే నాయనివారు వచ్చారు. కారిన నల్లనీళ్ళు చూసి మండిపడ్డారు.

“తుపాకి కడగమని నీకెవరు చెప్పారు?”

“కుండలు చెప్పినాయి దొరా.”

“రేపు గురి తప్పితే మళ్ళీ ఈ గడప తొక్కొద్దు.”

“అట్లే దొరా. తప్పకపోతే?”

“ఏం కావాలో అడుగు.”

“పేల్చినోడే తోముకోవల్ల. నాకు మీ అంట్లే చానా ఉండాయి.”

మర్నాడు గుండు సుత్తి లేకుండా జారింది. కదిరప్ప పేల్చాడు. ముందున్న పెద్ద పంది కూలింది. రెండో రోజు ఇంకొకటి. మూడో రోజు ఇంకొకటి. నాలుగో రోజు పందులు ఆ కొండకే రాలేదు. జొన్న ఇంటికి చేరింది. కొత్తజొన్న మొదటి రొట్టె నాయనివారు తన చేత్తో సుంకవ్వకు పెట్టారు. ఆమె తిని, ఆ పెనం కూడా తోమి పెట్టి వెళ్ళింది.

ఆనాటి నుంచి ఎవరు పేలిస్తే వాళ్ళే తోమేవాళ్ళు. తోమి తెచ్చి సుంకవ్వకు చూపించేవాళ్ళు. ఆమె సరేనంటేనే తుపాకి గోడకెక్కేది. అలా చాలా ఏళ్ళు గడిచాయి. ఆమె హాయిగా బతికింది. ఒక రోజు కదిరప్ప తెచ్చిన తుపాకి చూసి, బాగుందని చెప్పి, పడుకుని మళ్ళీ లేవలేదు.

దొరలు పోయినప్పుడు పేల్చినట్టే సుంకవ్వకు మూడుసార్లు పేల్చమన్నారు నాయనివారు. కదిరప్ప తుపాకి ఎత్తాడు. మళ్ళీ దించేశాడు.

“ఇది అవ్వ చూసి బాగుందన్న తుపాకి దొరా. ఈ పొద్దు దీంట్లో మసి పెట్టడానికి నాకు చేతులు రావడంలేదు” అని ఏడ్చాడు.

నాయనివారు తలపాగా విప్పి, దాని కొస చింపి మూడు పేలికలు చేసి, సుంకవ్వ చేతి పక్కన పెట్టారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరు పోయినా తుపాకి పేల్చరు. మూడు తెల్ల పేలికలు పక్కన పెట్టి సాగనంపుతారు. ఆయుధపూజ నాడు తుపాకి ఉన్నవాడు తుపాకిలో, లేనివాడు చేలో మందు కొట్టే పంపు గొట్టంలో తెల్లగుడ్డ దూర్చి తీస్తాడు. నల్లగా వస్తే ఎంత పెద్దమనిషైనా కూర్చుని తోమాల్సిందే. తెల్లగా వస్తే ఆ గుడ్డను నలుగురికీ చూపించి “అవ్వ ఒప్పుకుంది” అంటాడు. ఆ మాట అన్నాకే కుంకుమ భరిణె మూత తీస్తారు.