ఎలుగుబంటి గోరు, పనసపిక్క గాటు

అనగనగా ఒక ఊళ్ళో... ఏ ఊరని మాత్రం అడక్కు చిట్టీ. పేరు చెబితే పొద్దున్నే చూపించమని నా ప్రాణం తీస్తావు. సముద్రానికీ గుట్టకీ మధ్య, పనసచెట్లున్న ఊరు. అంతవరకు చాలు. కాళ్ళు ముడుచుకుని దుప్పట్లోకి రా.

ఆ ఊళ్ళో చివరింట్లో దాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ చెయ్యి పని ఆపేది కాదు, నోరు మాట ఆపేది కాదు. మొగుడు కొబ్బరికాయల బండి తోలుకుని ఏరు దాటి వెళ్ళాడు. ఇంట్లో ఆవిడా, మామగారు కోదండూ మిగిలారు. కోదండుకి పళ్ళన్నీ రాలిపోయాయి గానీ తిండి మీద ఆశ మాత్రం రాలలేదు.

అప్పుడు వాన పట్టుకుంది. ఏరు పొంగింది. ఏరు తగ్గితేగాని బండి రాదు. బండి వస్తేగాని బియ్యం రావు.

మరి ఇంట్లో ఏముంది? ఒక కుండ నిండా పనసపిక్కలు. ఎండాకాలంలో ఊరంతా తొనలు తిని పిక్కలు పారేస్తుంటే, దాలమ్మ వాటిని ఏరి, కడిగి, ఆరబెట్టి, పొడి ఇసకలో కలిపి కుండకెత్తింది. అప్పుడు నవ్వినవాళ్ళున్నారు. ఇప్పుడు ఆ కుండే ఆ ఇంటికి అన్నం. ఏరు తగ్గేదాకా అదే ఆధారం.

పిక్కలు ఎలా కాలుస్తారో తెలుసా? ముందు ఒక్కో పిక్కకీ కత్తిపీట మీద చిన్న గాటు పెట్టాలి. పై తొక్క తెగాలి, లోపలి గింజ తెగకూడదు. ఆ తర్వాత మంట తగ్గించి, నిప్పుల మీద బూడిద కప్పి, అందులో దూర్చాలి. కాసేపటికి గాటు దగ్గర తొక్క విచ్చుకుని 'చిటుక్' మంటుంది. అప్పుడు తీసి, వేడి మీదే ఒలవాలి. చల్లారనిచ్చావో, తొక్క ఊడి రాదు. ఉప్పూ ఎండుమిరపకాయా కలిపి నూరి, పక్కన ఓ కొబ్బరిముక్క పెట్టి ఇస్తే... నోరూరుతోందా? పళ్ళు తోముకున్నావు, ఊరుకో.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. మొదటి పిక్క పని చేసినవాళ్ళ నోట్లోకే వెళ్ళాలి. కాపరానికొచ్చిన కొత్తలో దాలమ్మ పెట్టిందా పద్ధతి. "వేళ్ళు కాల్చుకునేది నేనూ, చివరికి మాడినవి ఏరుకుని తినేదీ నేనేనా?" అని అడిగింది.

ఒక సాయంత్రం, దీపం పెట్టే వేళ, కాలిన పిక్కల వాసన గుట్టెక్కింది. గుట్ట మీద ఎలుగుబంటి ఉంది. వాడు ముక్కెత్తి ఆ వాసన వెంటే దిగొచ్చి తలుపు తోశాడు.

"ఏటే, ఆ వాసనేటి? నాకూ పెట్టు. పెట్టకపోతే ఇంటి తడిక పీకేస్తాను!"

కోదండు మంచం కిందికి దూరాడు. "పెట్టెయ్యి కోడలా! వాడి గోళ్ళు చూశావా, కొడవళ్ళే!" అన్నాడు అక్కణ్ణుంచే.

దాలమ్మ దోసెడు పిక్కలు ముందు పోసింది. "ఒలుచుకుని తిను" అంది. వాడు వింటేనా? తొక్కలతో, బూడిదతో, నిప్పులాంటి పిక్కల్ని గబుక్కున నోట్లో పోసుకున్నాడు. నాలుక చుర్రుమంది.

"నన్ను కాల్చేశావు! రేపొస్తా, ఉండు!" అని వానలోకి పరిగెత్తాడు.

మర్నాడు అదే వేళకి మళ్ళీ వచ్చాడు. "నీ చేతివి తినను. నేనే కాల్చుకుంటాను" అన్నాడు.

"కాల్చుకో. గాటు పెట్టి మరీ కాల్చుకో. లేకపోతే పేలతాయి" అంది దాలమ్మ.

"ఎలుగుబంటికి వంట నేర్పుతావేటే?"

వాడు కుండలోకి చెయ్యి పెట్టి బరబరా గెలికాడు. అడుగునుంచి గుప్పెడు తీసి నిప్పుల్లో పారేశాడు. పొయ్యి ముందు మూతి చాచుకుని కూర్చున్నాడు.

ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు ఢాం! ఆ తర్వాత ఢాం ఢాం! బూడిద ఇంటి కప్పుకంటింది. వాడి ముక్కు మీద బొచ్చు కాస్తా కమురుకుపోయింది. మంచం కింద కోదండుకి నవ్వాగలేదు. పగలబడి నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"నవ్వుతున్నారా?" అన్నాడు ఎలుగుబంటి. "రేపొచ్చి కుండ కుండంతా పట్టుకుపోతాను. నువ్వూ నీ ముసలోడూ బూడిద తినండి!"

తెల్లారింది. పక్కింటి సన్నాసమ్మ వచ్చి, "కుండ మా ఇంట్లో దాచవే" అంది.

"దాస్తే నీ తలుపు విరగ్గొడతాడు వదినా. నీకెందుకా గోల?" అంది దాలమ్మ.

కోదండు తన తెలివి బయటికి తీశాడు. "వాడు రాగానే గాటు లేని పిక్కలు పొయ్యిలో పడెయ్యి. పేలగానే పారిపోతాడు."

"పారిపోతాడు. ఎల్లుండి మళ్ళీ వస్తాడు. రోజూ ఇలా పేల్చుకుంటూ పోతే నువ్వేం తింటావు మావా, చప్పుడా?"

అలా అంటూనే కుండ మూత తీసింది. పైనున్న పిక్కలు కొన్ని తీసి వెలుగులో చూసింది. ఎలుగుబంటి గెలికిన చోట వాటి మీద గీతలు పడ్డాయి. పై తొక్క తెగింది, లోపలి గింజ తెగలేదు. కత్తిపీటతో తాను పెట్టే గాటు కూడా అంత సన్నంగా ఉండదు. వాటినే నిప్పుల్లో వేసి చూసింది. చిటుక్, చిటుక్ మన్నాయి తప్ప ఒక్కటీ పేలలేదు.

ఆ సాయంత్రం దాలమ్మ తలుపు బార్లా తెరిచింది. పొయ్యి పక్కన పీట వేసింది. కుండ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

ఎలుగుబంటి రంకెలేస్తూ వచ్చాడు.

"కాళ్ళు తుడుచుకుని రా" అంది దాలమ్మ.

వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట వాడితో ఎవరన్నారు? తెలియకుండానే గోనెపట్టా మీద కాళ్ళు రాశాడు. ఆ తర్వాత కోపం గుర్తొచ్చి కుండ మీదికి వంగాడు. దాలమ్మ చెయ్యి తియ్యలేదు.

"పట్టుకుపో. పట్టుకుపోయి ఏం చేస్తావు? గుట్ట మీద నీకు పొయ్యుందా? నిప్పుందా? పచ్చివి నమిలితే కడుపునొప్పి. పేల్చుకుందామంటే ముక్కు ఒక్కటే ఉంది."

వాడు ముక్కు తడుముకున్నాడు. "మరేటి చెయ్యమంటావు?"

"చెయ్యి చాపు."

వాడి గోరు కింద ఒక పిక్క పెట్టింది. "నొక్కు" అంది. పిక్క రెండు ముక్కలైంది. ఇంకోటి పెట్టింది. అది పిండి పిండైంది.

"పోట్లాటకొచ్చావేటిరా బొచ్చోడా? మెల్లిగా. చంటిపిల్ల బుగ్గ మీది దోమని తోలినట్టు."

వాడు నాలుక బయటపెట్టి, ఊపిరి బిగపట్టి, మూడో పిక్క మీద గోరు ఆనించాడు. సన్నటి గాటు పడింది.

దాలమ్మ దాన్ని నిప్పుల్లో దూర్చింది. వాడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. చిటుక్. అంతే.

అప్పుడు దాలమ్మ దాన్ని తీసి, ఒలిచి, ఉప్పూ కారం అద్దింది. మంచం కిందనుంచి ఒక ముసలి చెయ్యి బయటికొచ్చింది. దాలమ్మ దాని మీద ఒక్కటి వేసింది.

"ఆగు మావా. గాటు పెట్టిందెవరు? మొదటిది వాడిది."

ఎలుగుబంటి దాన్ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిన్నాడు. తిని గోళ్ళకంటిన ఉప్పూ కారం నాక్కున్నాడు. అందరూ వాడి మీదికి రాళ్ళు విసిరినవాళ్ళే. చేతికందించినవాళ్ళు లేరు.

"ఇంకా పెట్టు" అన్నాడు చెయ్యి చాపి.

"ఈ కుండ ఏరు తగ్గేదాకా మాకు రావాలి. నీకు కావాలంటే నీవి తెచ్చుకో. ఎండాకాలమంతా మా పనసపళ్ళు ఎత్తుకుపోయి తిన్నావే, పిక్కలేం చేశావు?"

"నా గుహలో ఉమ్మేశాను."

"గుహలో వాన పడుతుందా?"

"పడదు."

"అయితే ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తావేం? వెళ్ళి తే."

గంప వాడి మెడకి తగిలించింది. వాడు వానలో గుట్టెక్కి దిగాడు. గంప నిండా పిక్కలు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ నిండింది. ఆ సాయంత్రం నుంచి దాలమ్మ తన కుండలో చెయ్యి పెట్టనే లేదు.

ఆ తర్వాత రోజూ అంతే. వాడు గాట్లు పెట్టేవాడు, దాలమ్మ కాల్చేది. ఒలిచే పని కోదండుకి పడింది.

"నేను పెద్దోణ్ణి కదే!" అన్నాడు కోదండు.

"పళ్ళు లేవు గానీ వేళ్ళున్నాయిగా మావా?"

ఒక రోజు ఏరు తగ్గింది. బియ్యంతో బండి వచ్చింది. మొగుడు లోపలికి అడుగుపెట్టి, పొయ్యి పక్కన ఎలుగుబంటిని చూసి, మూట వదిలేశాడు.

"ఎవరే వీడు?"

"మన గాట్లాయన" అంది దాలమ్మ. "నువ్వూ కూర్చో. ముందు ఆ కట్టెలు చీల్చి కూర్చో."

ఏమిటే చిట్టీ, ఇంకా కళ్ళు తెరుచుకునే ఉన్నాయా? రేపు కాలుద్దాంలే. అటక మీద మనకీ కుండుంది. గాటు నువ్వు పెట్టు, మొదటి పిక్క నీదే. పెట్టకపోతే మాత్రం నా నోరు సంగతి నీకు తెలుసు.

ఏరు సంద్రానికి, ఎలుగు గుట్టకి,
పొట్టు పొయ్యిలోకి, పిక్క పొట్టలోకి,
కథేమో కంచికి, నువ్వేమో నిద్రకి.