దెబ్బ పడిందా?

"దెబ్బ కాచుకుంటే విద్య అంటారు. ప్రశ్న కాచుకుంటే మాత్రం మోసం అంటారు. ఇదెక్కడి న్యాయం మాస్టారూ?" అని అడిగింది ఈశ్వరి.

కర్రసాము నేర్పే దాలినాయుడు మాస్టారు అప్పుడు కర్రలకు నూనె పట్టిస్తున్నారు. "రేపు పందెం ఉంది. వెళ్ళి పడుకో" అన్నారు. మాస్టారే తన ప్రశ్నను కాచుకున్నారని ఈశ్వరికి నవ్వొచ్చింది.

మాస్టారు సాము నేర్పే ఆ తాలింఖానాలో పందేనికి తీర్పరి ఉండడు. దెబ్బ తిన్నవాళ్ళే "పడింది" అని చెప్పి కర్ర దించాలి. చెప్పకపోతే పడనట్టే లెక్క. దసరా ఊరేగింపులో జట్టుకు ముందు నడిచేదెవరో ఆ పందెంతో తేలుతుంది. ఆ చోటు అంతవరకూ ఏ ఆడపిల్లకూ దక్కలేదు. చివరికి మిగిలింది ఇద్దరు: లా చదువుతున్న ఈశ్వరి, ఇటుకబట్టీలో పనిచేసే జోగులు. జోగులు ఏడాదిపాటు ఒకే ఒక్క దెబ్బ సాధన చేశాడు. తల మీదికి వస్తున్నట్టే లేచి, సగంలో మణికట్టు తిరిగి, పక్కటెముకల మీదికి దిగే దెబ్బ అది.

మర్నాడు డప్పులు అందుకున్నాయి. కర్రలు టకటకమని కలిశాయి. ఈశ్వరి కాచిన ప్రతి దెబ్బకూ ఆడవాళ్ళ వైపు నుంచి ఈలలు! "జోగులూ, అది ఇటుక కాదురా, మనిషి! కదుల్తాది!" అని ఎవరో అరిచారు. ఎర్రదుమ్ము భుజాల దాకా లేచింది. ఆ దుమ్ములో జోగులు కర్ర పైకి లేచింది, తిరిగింది, దిగింది. ఈశ్వరి రెండడుగులు వెనక్కి వేసి నిలదొక్కుకుంది. డప్పులు ఆగాయి.

"పడిందా?" అన్నారు మాస్టారు.

"నా కాపు చూశారు కదా మాస్టారూ!"

"కాపు సంగతి కాదు. పడిందా?"

"పడితే ఇలా నిలబడతానా?"

జనం గొల్లుమన్నారు. మాస్టారు నవ్వలేదు. మూడోసారి అడిగారు.

"కొట్టినవాణ్ణే అడగండి" అంది ఈశ్వరి.

జోగులు తల అడ్డంగా ఊపాడు. "నానెలా సెప్తాను మాస్టారూ? తగిలినోలు సెప్పాల గానీ."

మాస్టారు ఇక అడగలేదు. ఎర్ర తలపాగా తెచ్చి ఈశ్వరి తలకు చుట్టారు. ఈలలు, చప్పట్లు, డప్పులు! ఒక ముసలామె తన మెడలోని బంతిపూల దండ తీసి ఆ పిల్ల మీదికి విసిరింది. ఆ గోలలోనే మాస్టారు జోగులు భుజం మీద చెయ్యి వేసి మెల్లగా చెప్పారు: "ఆ దెబ్బ చేరడం లేదురా. నీ మణికట్టుకు అది రాదు. ఏడాది పోతే పోయింది, రేపటి నుంచి మానెయ్."

"అలాగే మాస్టారూ" అన్నాడు జోగులు. తన కర్ర వైపు ఒకసారి చూసుకుని, దాన్ని గోడకు ఆనించేశాడు.

"పడింది!"

ఈశ్వరి అరుపుకు డప్పులు ఆగిపోయాయి. "పడింది మాస్టారూ. ఇక్కడ, ఎడమ పక్క. ఊపిరి తీస్తే ఇంకా నొప్పి. కాచడానికి దారే లేదు. ఆ దెబ్బ వాడితో మాన్పించకండి!" అంటూ తలపాగా తనే విప్పి, జోగులు తల మీద పెట్టేసింది. వాడు నోరు తెరుచుకుని నిలబడిపోతే, కుర్రాళ్ళు వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఓడిపోయిన పిల్లకు కూడా ఈలలు పడ్డాయి.

జనం పలచబడ్డాక ఈశ్వరి పక్క పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చింది. "పడిందని మీకు ముందే తెలుసు. నన్ను దొరకబుచ్చుకోవడానికే కదా మూడుసార్లు అడిగారు?"

మాస్టారు ఆశ్చర్యంగా ఆమెను చూశారు.

"అంత దుమ్ములో నాకేం కనబడుతుందమ్మా? తెలియకే అడిగాను."