ఉప్పు మడిలో కషాయం

అనగా అనగా, సముద్రం ఊరికింకా ఆమడ దూరాన ఉన్న రోజుల్లో, ఒక ఉప్పు పల్లె ఉండేది. పల్లెకి వెలుపల గూడెం. ఆ గూడెంలో నాంచారి ఉండేది. పొద్దున ఉప్పు తట్ట నెత్తికెత్తుకుంటే మళ్ళీ పొద్దుగూకాకే దించేది.

ఆ ఏడు ఊళ్ళన్నిటికీ చలిజ్వరం వచ్చింది. రాజుగారి వైద్యుడు అనంతభట్టు ఒక కషాయం కాచాడు. ముందు సిపాయిల మీద చూశాడు. జ్వరం తగ్గింది. తర్వాత రాణివాసపు స్త్రీల మీద చూశాడు. తగ్గింది. ఆఖరున గూడెం మగవాళ్ళ మీద చూశాడు. తగ్గింది.

"అందరి మీదా చూశాను. మనిషికి సోలెడు, పొద్దున్నే తాగాలి" అని చాటింపు వేయించాడు.

గూడెం ఆడవాళ్ళు సోలెడు తాగి ఉప్పు మళ్ళలోకి దిగారు. మొదటిరోజు ఒకామె కళ్ళు తిరిగి పడింది. రెండోరోజు ఇద్దరు పడ్డారు. మూడోరోజు నాంచారి చెల్లెలు ఎర్రమ్మ పడింది. మళ్ళీ లేవలేదు.

చెల్లెల్ని మట్టిలో పెట్టిన చేతులైనా కడుక్కోకుండా నాంచారి కోటకి వెళ్ళింది. భటులు వాకిట్లోనే ఆపారు. అక్కడే కూర్చుంది. ఒకరోజు కూర్చుంది. రెండు రోజులు కూర్చుంది. మూడోనాడు అనంతభట్టు బయటికి వచ్చాడు.

"నీ చెల్లెలిది బలహీనపు ఒళ్ళు. మందులో దోషం లేదు. అందరి మీదా చూశాను."

"ఆడవాళ్ళ మీద చూశారా అయ్యా?"

"చూశాను. రాణివాసంలో."

"వాళ్ళు తట్ట మొయ్యరు. గూడెం వాళ్ళ మీద చూశారా?"

"చూశాను."

"వాళ్ళు మగవాళ్ళు. ముందు వాళ్ళు తింటారు. కుండలో మిగిలితే మేం తింటాం. మేం గూడెం వాళ్ళం, ఆడవాళ్ళం కూడా. రెండు బరువులూ ఒక్క నెత్తి మీదే ఉన్నాయి. ఆ నెత్తిని మీరు చూడలేదు."

భట్టుకి కోపం వచ్చింది. "నాకే వైద్యం నేర్పుతావా?"

"నేర్పను. మీరే తాగి చూడండి. మా మడిలో, మా కడుపుతో."

అప్పటికే జనం పోగయ్యారు. వెనక్కి తగ్గితే పరువు పోతుందని భట్టు సరేనన్నాడు. ముందురోజంతా నాలుగు గుక్కల గంజితో ఉన్నాడు. తెల్లారి సోలెడు తాగి తట్ట ఎత్తుకున్నాడు. మొదటి తట్ట గట్టు చేరింది. రెండో తట్ట సగం దారిలో దించి మళ్ళీ ఎత్తుకున్నాడు. మూడో తట్టతో మడిలోనే కూలబడ్డాడు.

నాంచారి అతని నోట్లో గంజినీళ్ళు పోసింది. ముట్టూ మైలా అతనికి గుర్తు రాలేదు. గటగటా తాగాడు.

"ఇప్పుడు చెప్పండి అయ్యా. మీదీ బలహీనపు ఒళ్ళేనా?"

భట్టు కోలుకున్నాక గూడెంలో గడపగడపకీ తిరిగాడు. ముందు నాంచారి నడిచింది. బాలింతల్ని వేరే అడిగారు, ముసలమ్మల్ని వేరే అడిగారు. ఉప్పు మోసే ఆడవాళ్ళకి సోలలో నాలుగో వంతు, గిద్దెడు చాలని, అదీ కడుపు నిండా గంజి తాగాకేనని తేలింది. గంజి ఎవరు పోస్తారని నాంచారి అడిగింది. కోట నుంచి కుండలు వచ్చేదాకా ఒక్కతె కూడా తట్ట ఎత్తలేదు.

భట్టు తప్పు ఒప్పుకున్నాడు. క్షమించానని మాత్రం నాంచారి అనలేదు. చచ్చేదాకా అనలేదు.

ఆమె పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఆ వైపు నాటువైద్యులు ఇప్పటికీ మందు చేతిలో పెట్టేముందు మూడు మాటలు అడుగుతారు. ఏం పని చేసొచ్చావు, ఏం తిన్నావు, ఎవరి తర్వాత తిన్నావు. ఏ పెద్దమనిషైనా వచ్చి "అందరినీ అడిగాం, అందరికీ సరిపోతుంది" అంటే, వెనక వరసలోంచి ఒక ఆడమనిషి లేస్తుంది.

"నాంచారిని అడిగారా?" అంటుంది.

జవాబు వచ్చేదాకా కూర్చోదు.